బల్లపై పెట్టుకునే సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రాలు: 3018, ప్రోక్సాన్ ఎంఎఫ్70, షెర్లైన్ 5400లపై సమీక్ష

అభిరుచి కోసం చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం (కంప్యూటర్ ఆజ్ఞలతో కదులుతూ, తిరిగే కట్టర్‌తో లోహాన్నీ చెక్కనూ కోసే యంత్రం) కొనదలచినవారు సాధారణంగా ధరతో మొదలుపెట్టి, పని విస్తీర్ణం చూసి, కట్టర్‌ను తిప్పే స్పిండిల్ మోటారు ఎన్ని వాట్లదో చదివి ఒక నిర్ణయానికి వస్తారు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేవి ఆ మూడు అంకెలే కాబట్టి అలా చూడడం సహజం. కట్టర్ లోహంలోకి దిగినప్పుడు చట్రం ఎంత వంగుతుందన్నది మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు. నా అభిప్రాయంలో యంత్రం మంచిచెడ్డలను ముందుగా తేల్చేది అదే. ఈ సమీక్షలో మూడు తరగతుల యంత్రాలను ప్రధానంగా ఆ కోణం నుంచే చూస్తున్నాను. మొదటిది మన దేశంలో ఆన్‌లైన్‌లో సులువుగా దొరికే 3018 రకం, రెండవది జర్మన్ కంపెనీ ప్రోక్సాన్ వారి ఎంఎఫ్70, మూడవది అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని విస్టాలో తయారయ్యే షెర్లైన్ 5400. మొదటిది నా బల్లపైనే ఉంది; మిగతా రెండింటిపై మిత్రుల వర్క్‌షాపుల్లో పని చేశాను.

3018 అన్నది ఒక కంపెనీ నమూనా పేరు కాదు. 300, 180 మిల్లీమీటర్ల పని విస్తీర్ణాన్ని బట్టి వచ్చిన పేరది. దాదాపు ఒకే అమరికను చిన్న చిన్న మార్పులతో చాలామంది తయారుచేసి అమ్ముతున్నారు. వాటిలో సెయిన్‌స్మార్ట్ వారి జెన్‌మిట్సు శ్రేణి ఎక్కువమందికి తెలుసు. అల్యూమినియం ఎక్స్‌ట్రూషన్ చట్రం, దాని మధ్య 10 మి.మీ. మందం గల గుండ్రని కడ్డీలు, వాటిపై జారే లీనియర్ బేరింగులు, తిరుగుతూ యంత్ర భాగాలను జరిపే 8 మి.మీ. లీడ్‌స్క్రూలు, 24 వోల్టులపై నడిచే 775 రకం డీసీ మోటారు, దాని కొసన కట్టర్‌ను బిగించి పట్టే ఈఆర్11 కొల్లెట్: మొత్తం యంత్రం ఇంతే. జెడ్ (పైకీ కిందికీ) దిశలో కదలిక సుమారు 45 మి.మీ. మాత్రమే కాబట్టి, వైస్ బిగించి అందులో జాబ్ (కోయవలసిన ముక్క) పెట్టి పైనుంచి పొడవాటి డ్రిల్ దించాలంటే చోటు చాలదు. ధర ఇరవై వేల రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది.

దీని బలహీనత ఆ గుండ్రని కడ్డీల్లోనే ఉంది. రెండు కొసల దగ్గర మాత్రమే బిగించిన కడ్డీ మధ్యలో పడే బరువుకు ఎంత వంగుతుందన్నది దాని పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. అంటే కడ్డీ వ్యాసం రెట్టింపయితే బిగువు (వంగకుండా నిలిచే గుణం) పదహారు రెట్లు అవుతుంది. అదే కడ్డీని రెట్టింపు పొడవున వాడితే వంపు ఎనిమిది రెట్లు అవుతుంది. అదే ధరకు, అదే మందం కడ్డీలతో మరింత పెద్ద పని విస్తీర్ణం ఇస్తామని ఎవరైనా చెబితే, అది లాభం కాదని ఈ లెక్కను బట్టే అర్థమవుతుంది. చేయబోయే వస్తువులు అరచేతిలో పట్టేంతవే అయితే, అదే కుటుంబంలో 160, 100 మిల్లీమీటర్ల విస్తీర్ణం గల 1610 రకం లోహం విషయంలో 3018 కంటే నయం.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. అతి చిన్న కదలికను ముల్లుతో చూపే డయల్ ఇండికేటర్‌ను మాగ్నెటిక్ స్టాండుతో బల్లకు నిలబెట్టి, దాని కొసను కొల్లెట్ నట్‌కు ఆనించి, స్పిండిల్‌ను బొటనవేలితో ఓ మోస్తరుగా నొక్కాలి. నా 3018లో ముల్లు మిల్లీమీటరులో పదో వంతు దాటి కదిలింది. వేలు తీయగానే వెనక్కి వచ్చింది కానీ సరిగ్గా సున్నా దగ్గర ఆగలేదు. వెనక్కి వచ్చిన భాగం చట్రం వంపు, రానిది బేరింగులు, నట్ల మధ్య ఉన్న ప్లే (వదులు). అదే బలంతో షెర్లైన్‌ను నొక్కినప్పుడు ముల్లు కదిలిందా లేదా అని కళ్లు చిట్లించి చూడవలసి వచ్చింది. చేతి ఒత్తిడి ప్రతిసారీ ఒకేలా ఉండదు కాబట్టి దీన్ని కచ్చితమైన కొలత అనలేం. తేడా మాత్రం ఎవరికైనా కనిపించేంత ఉంది.

ఇంత చెప్పినా, 3018 బాగా చేసే పనులు ఉన్నాయి. సర్క్యూట్ బోర్డులు చెక్కడం వాటిలో మొదటిది. బోర్డుపై రాగి పొర సాధారణంగా 35 మైక్రాన్ల మందమే ఉంటుంది కాబట్టి కట్టర్‌పై పడే భారం అతి తక్కువ, చట్రం వంపు లెక్కలోకే రాదు. ఇక్కడ సమస్య వేరే చోట వస్తుంది. కొస వెడల్పు 0.1 మి.మీ., మొత్తం కోణం 30 డిగ్రీలు ఉన్న వి-బిట్‌ను (వి ఆకారపు మొన గల కట్టర్‌ను) 0.1 మి.మీ. లోతుకు దించితే గాడి వెడల్పు సుమారు 0.15 మి.మీ. వస్తుంది. బోర్డు ఒక మూల 0.2 మి.మీ. ఎత్తుగా ఉంటే అక్కడ లోతు 0.3 మి.మీ. అయి, గాడి 0.26 మి.మీ.కు విస్తరిస్తుంది. సన్నని ఐసీ కాళ్ల మధ్య రాగి గీతను తినేయడానికి ఆ మాత్రం చాలు. మరో మూల అంతే పల్లంగా ఉంటే కొస అసలు రాగిని తాకదు. అందుకే బోర్డు అంతటా గళ్లు గళ్లుగా ఎత్తు కొలిచి, దాన్నిబట్టి లోతును సరిచేసే హైట్‌మ్యాప్ సదుపాయం తప్పనిసరి. క్యాండిల్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఇది ఉంది. కావలసినదల్లా మోటార్లను నడిపే కంట్రోలర్ బోర్డుపై, కట్టర్ రాగిని తాకడాన్ని గుర్తించే ప్రోబ్ పిన్ను, రెండు మొసలి క్లిప్పులు. కొనే ముందు ఆ పిన్ను బయటకు ఇచ్చారో లేదో ఫోటోలో చూసుకోవాలి.

చెక్క, అక్రిలిక్, ఇత్తడి నామఫలకాల వంటివి కూడా ఓపికతో బాగానే వస్తాయి. అల్యూమినియం దగ్గరకు వచ్చేసరికి లోహపు రకం ముఖ్యమవుతుంది. ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే మెత్తని రేకు కట్టర్‌కు అంటుకుపోతుంది. పళ్ల మధ్య ముద్దగా పేరుకుని, కట్టర్ కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది, మరుక్షణం విరుగుతుంది. హెచ్‌ఈ30 అని అడిగితే దొరికే 6082 గ్రేడు పలక ఇలా చేయదు. 3.175 మి.మీ. సింగిల్ ఫ్లూట్ (ఒకే పన్ను గల) కార్బైడ్ కట్టర్‌ను నిమిషానికి 10,000 చుట్లు తిప్పుతూ, 0.2 మి.మీ. లోతున, నిమిషానికి 200 నుంచి 250 మి.మీ. వేగంతో నడిపితే ఒక్కో చుట్టుకు 0.02 మి.మీ. పైచిలుకు పొట్టు తెగుతుంది. అప్పుడు వచ్చేది పొడి కాదు, వేళ్ల మధ్య చిన్న సూదుల్లా గుచ్చుకునే విడి విడి పొట్టు. పొడి వస్తోందంటే వేగం చాలడం లేదని అర్థం. భయపడి ఇంకా తగ్గించేవారే ఎక్కువ. లేత్ వర్క్స్‌లో అల్యూమినియానికి కిరోసిన్ వాడే అలవాటు ఉంది కానీ, నిప్పురవ్వలు రాల్చే బ్రష్ మోటారు పక్కన అది ప్రమాదం. నీళ్లలో కలిపే కటింగ్ ఆయిల్‌ను కుంచెతో తడిపితే సరిపోతుంది. జాబ్ కింద ఎండీఎఫ్ పలక ఉంటే అది ఉబ్బకుండా చూసుకోవాలి. ఉక్కు జోలికి ఈ యంత్రంతో వెళ్లకూడదు.

ప్రోక్సాన్ ఎంఎఫ్70 చూడడానికి బొమ్మలా ఉంటుంది. బరువు 7 కిలోలు, బల్ల 200, 70 మిల్లీమీటర్లు, కదలికలు ఎక్స్ (పక్కలకు) దిశలో 134, వై (ముందుకూ వెనక్కూ) దిశలో 46, జెడ్ దిశలో 80 మి.మీ. అయినా ఇది పేరుకు తగిన మిల్లింగ్ యంత్రం. పోత ఇనుప పీఠం, నిట్టనిలువు కాలమ్, డవ్‌టెయిల్ స్లైడ్లు (ఏటవాలు అంచులతో ఒకదానిలో ఒకటి ఒదిగి జారే భాగాలు) ఉండడం వల్ల కట్టర్ నుంచి పీఠం దాకా బలం ప్రయాణించే దారి పొట్టిగా ఉంటుంది. స్లైడ్లు వదులైతే సందును సరిచేసే గిబ్ స్క్రూలను కాస్త తిప్పి బిగించుకోవచ్చు. 3018లో బేరింగు అరిగితే మార్చడమే గతి. చేతితో తిప్పే సాధారణ నమూనాతో పాటు, స్టెప్పర్ మోటార్లు (ఆజ్ఞకు ఒక్కో చిన్న అడుగు చొప్పున తిరిగేవి) అమర్చిన సీఎన్‌సీ-రెడీ నమూనాను కూడా కంపెనీ అమ్ముతుంది, కానీ ఆ రెడీ అన్న మాటను నమ్మి వెంటనే పని మొదలుపెట్టగలమనుకోకూడదు. కంట్రోలర్, సాఫ్ట్‌వేర్ మనమే సమకూర్చుకోవాలి. గడియారాల భాగాలు, రైలు నమూనాల చక్రాలు, నగల అచ్చులు చేసేవారికి ఇంతకంటే ముద్దుగా ఒదిగే యంత్రం నేను చూడలేదు. వై దిశలో 46 మి.మీ. మాత్రమే కదులుతుందన్నది మాత్రం ప్రతి పనిలోనూ గుర్తుకొస్తుంది.

దీని స్పిండిల్ నిమిషానికి 5,000 నుంచి 20,000 చుట్లు తిరుగుతుంది. ఇక్కడే షెర్లైన్‌తో పోల్చి వేగాల సంగతి చూడాలి. మామూలు మెత్తని ఉక్కును హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) కట్టర్‌తో కోసేటప్పుడు కట్టర్ అంచు నిమిషానికి 25 నుంచి 30 మీటర్ల వేగంతో కదలడం మంచిది. 6 మి.మీ. కట్టర్‌కు అది సుమారు 1,300 నుంచి 1,600 చుట్లు. ఎంఎఫ్70 తన కనిష్ఠ వేగమైన 5,000 చుట్ల వద్ద 3 మి.మీ. కట్టర్‌ను తిప్పినా అంచు వేగం 47 మీటర్లు అవుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ అంచు ఎంతోసేపు నిలవదు. దీని కొల్లెట్లు 1 నుంచి 3.2 మి.మీ. వరకే పట్టుకుంటాయి కాబట్టి 6 మి.మీ. షాంక్ (పట్టుకునే కాడ) గల కట్టర్ అసలు ఎక్కదు. కార్బైడ్ వాడి, చాలా తక్కువ లోతుతో ఉక్కును గీరవచ్చు కానీ, అది ఆపద్ధర్మమే.

షెర్లైన్ స్పిండిల్ 70 నుంచి 2,800 చుట్ల మధ్య తిరుగుతుంది కాబట్టి ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీలు, ఇత్తడిలో పెద్ద రంధ్రాల పని దానికి అలవోక. సన్నని కట్టర్ల విషయంలో పరిస్థితి తలకిందులవుతుంది. 1 మి.మీ. కట్టర్‌ను 2,800 చుట్ల వద్ద తిప్పితే అంచు వేగం నిమిషానికి 9 మీటర్లు కూడా రాదు. ఆ కట్టర్ విరగకూడదంటే టేబుల్‌ను నత్తనడకన నడపాలి. కంపెనీ 10,000 చుట్ల పుల్లీ సెట్‌ను విడిగా అమ్ముతుంది. చెక్కడపు పని ఎక్కువగా చేసేవారు దాన్ని మొదటే లెక్కలో వేసుకోవాలి. మెత్తని ఉక్కుపై స్లాట్ కోస్తున్నప్పుడు ఈ యంత్రం చేసే చప్పుడు నాకు బాగా నచ్చింది. 3018 అల్యూమినియంపై కీచుమంటూ అరిచే చోట ఇది తక్కువ గొంతుతో ఒకే స్థాయిలో గుంయ్‌మంటుంది. కోసిన అంచుపై గోరు పెట్టి లాగితే అలలు తగలవు.

ఆస్ట్రేలియాలో హెరాల్డ్ క్లిస్బీ రూపొందించిన చిన్న లేత్‌తో మొదలై, జో మార్టిన్ చేతుల మీదుగా అమెరికాలో స్థిరపడిన ఈ కంపెనీ, పాత యంత్రాలకు కూడా సరిపోయేలా కొత్త విడిభాగాలను అందుబాటులో ఉంచుతుందన్న పేరు తెచ్చుకుంది. 5400 నమూనాలో ఎక్స్ దిశలో 220, వై దిశలో 127 మి.మీ. కదలిక ఉంటుంది. బరువు పదిహేను కిలోల పైచిలుకు కాబట్టి ఒక మనిషి ఎత్తి అలమరలో పెట్టవచ్చు. స్పిండిల్ మోటారు స్పీడ్ కంట్రోల్ 100 నుంచి 240 వోల్టుల వరకు దేనికైనా తనంతట తానే సర్దుకుంటుంది, మన 230 వోల్టులకు విడిగా ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ధరే అసలు అడ్డంకి. స్టెప్పర్లు, కంట్రోలర్‌తో సహా తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిసి లక్షల్లోకి వెళుతుంది. ఆ డబ్బు పెట్టే ముందు తప్పక చేయవలసిన పని, మిల్లీమీటరు స్క్రూలు గల 5410 నమూనాను అడగడం. 5400 అంగుళాల లెక్కలో తయారైనది.

చైనాకు చెందిన సీగ్ కంపెనీ ఎక్స్2 మినీ మిల్లు గురించి కూడా కొందరు అడుగుతారు. పోత ఇనుప శరీరం, బరువు యాభై కిలోల పైమాట, బిగువులో ఈ మూడింటికంటే పై స్థాయి. అయితే అది చేతితో తిప్పే యంత్రం. బాల్ స్క్రూలు (దాదాపు వదులు లేని స్క్రూలు), మోటారు మౌంటులు చేసి సీఎన్‌సీగా మార్చడమే కొన్ని నెలల అభిరుచి అవుతుంది, ప్లాస్టిక్ గేర్లు విరిగితే బెల్టుకు మార్చడం ఇంకో పని. యంత్రాన్ని తయారుచేయడంలోనే ఆనందం ఉన్నవారికి తప్ప నేను సూచించను.

ఇక నడిపించే మెదడు సంగతి. 3018లో ఉండే జీఆర్‌బీఎల్ అన్నది 2009లో సిమెన్ స్వాలె స్కోగ్‌స్రుడ్ మొదలుపెట్టిన ఉచిత ప్రోగ్రాం. ఆర్డ్యూనో ఊనో వంటి చౌక బోర్డుపై నడుస్తుంది, నమ్మదగినది. కానీ స్క్రూ, నట్ల మధ్య ఉన్న ప్లేని సరిదిద్దే సదుపాయం ఇందులో లేదు. 20 మి.మీ. వృత్తాన్ని కోసి చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది: వృత్తానికి నాలుగు వైపులా, ఎక్స్ గానీ వై గానీ దిశ మార్చుకునే చోట, చిన్న మెట్టు లాంటి గుర్తు పడుతుంది. లినక్స్‌సీఎన్‌సీ అనే మరో ఉచిత ప్రోగ్రాంలో ఆ దిద్దుబాటు ఉంది. అయినా ప్లేని సాఫ్ట్‌వేర్‌తో కప్పిపుచ్చడం కంటే యంత్రంలోనే తగ్గించడం మేలు, ఎందుకంటే ప్లే ఉన్నంతకాలం క్లైంబ్ మిల్లింగ్‌లో (కట్టర్ పన్ను తిరిగే వైపుకే జాబ్ కదిలే కోతలో) కట్టర్ జాబ్‌ను తనవైపు లాక్కుంటూనే ఉంటుంది. మిల్లీమీటరుకు 800 స్టెప్పులు అని ప్రకటనలో రాసిన అంకెను చూసి 1.25 మైక్రాన్ల కచ్చితత్వం అనుకోవడం పొరపాటు. అది మోటారుకు ఇచ్చే ఆజ్ఞ పరిమాణం మాత్రమే.

మన ఊళ్లలో మరో సంగతి పట్టించుకోవాలి. ఈ యంత్రాల్లో స్టెప్పర్ మోటార్లు తాము ఎక్కడున్నాయో తిరిగి చెప్పవు. రెండు గంటల పని మధ్యలో కరెంటు పోయి వస్తే యంత్రానికి తన స్థానం తెలియదు. కదలిక చివరి హద్దును గుర్తించే లిమిట్ స్విచ్‌లు ఉంటే హోమింగ్ చేసి (యంత్రాన్ని ఆ హద్దు దాకా నడిపి), మొదట రాసి పెట్టుకున్న కొలతల సాయంతో అదే సున్నాకు తిరిగి రావచ్చు. లేకపోతే కంటితో చూసి పెట్టుకోవలసిందే, అప్పుడు గీత పక్కన గీత పడుతుంది. జెన్‌మిట్సు 3018-ప్రోవర్ నమూనాలో ఈ స్విచ్‌లు, అత్యవసర స్టాప్ బటన్ ఉన్నాయి. ప్రో నమూనాలో లేవు. ధరలో తేడాకు ఇది తగిన కారణం. యంత్రాన్నీ కంప్యూటర్‌నూ ఇన్వర్టర్‌పై నడిపేవారు అది యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో స్పిండిల్ మోటారు పుట్టించే విద్యుత్ రొదకు యూఎస్‌బీ సంబంధం తెగిపోవడం కూడా సాధారణమే.

డిజైన్, టూల్‌పాత్‌లకు (కట్టర్ నడవవలసిన దారులకు) ఆటోడెస్క్ వారి ఫ్యూజన్ (పాత పేరు ఫ్యూజన్ 360) ప్రోగ్రాం వ్యక్తిగత ఉచిత లైసెన్సు చాలామందికి సరిపోతుంది. 2020 అక్టోబరు నుంచి అందులో ర్యాపిడ్ (కోత లేనప్పటి వేగవంతమైన) కదలికలను తీసేశారు కాబట్టి, కట్టర్ గాలిలో వెనక్కి వచ్చేటప్పుడు కూడా కోసే వేగంతోనే వస్తుంది. నిమిషానికి 200 మి.మీ. వేగంతో అల్యూమినియం కోసేవారికి అది సహనపరీక్ష. ఫ్రీక్యాడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఆ పరిమితి లేదు, నేర్చుకోవడానికి మాత్రం ఎక్కువ సమయం పడుతుంది.

యంత్రం ధరను మొత్తం ఖర్చు అనుకోకూడదు. 3018 విషయంలో మంచి కార్బైడ్ కట్టర్లు, చిన్న వైస్, క్లాంపులు, డయల్ ఇండికేటర్, వర్నియర్ కలిపితే యంత్రం ధరలో సగానికి తక్కువ కాదు. పెట్టెతో పాటు ఉచితంగా ఇచ్చే వి-బిట్లు సాధన చేయడానికే పనికొస్తాయి. సర్క్యూట్ బోర్డుల్లో గాజుపోగు ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు. కాబట్టి మాస్కు, మూత ఉన్న డబ్బా, వాక్యూమ్ క్లీనర్ విలాసాలు కావు. అపార్టుమెంటులో ఉండేవారు యంత్రం కింద దళసరి రబ్బరు పలక వేస్తే కింది అంతస్తు వారితో స్నేహం చెడదు. సముద్రతీర పట్టణాల్లో ఎంఎఫ్70 పీఠం వంటి పోత ఇనుప భాగాలకు వానాకాలంలో ఒక్క రాత్రిలో తుప్పు చుక్కలు వస్తాయి. పని ముగియగానే 68 గ్రేడు స్లైడ్‌వే ఆయిల్ పూసి గుడ్డ కప్పాలి.

ఎలక్ట్రానిక్స్ అభిరుచి ప్రధానంగా ఉన్నవారు లిమిట్ స్విచ్‌లు ఉన్న 3018తో తృప్తి పడవచ్చు. సూక్ష్మమైన లోహపు పని మనసులో ఉంటే ఎంఎఫ్70 కొనాలి. ఆవిరి ఇంజన్ల నమూనాలు, ఉక్కు భాగాలు చేయాలనుకుంటే, డబ్బు కూడే దాకా ఆగి షెర్లైన్ తీసుకోవడమే మంచిది. మధ్యలో 3018ని బలపరచడానికి పెట్టే ఖర్చు వెనక్కి రాదు. ఏడాదికి ఒకటో రెండో ఉక్కు ముక్కలే కావలసినవారికి ఏ యంత్రమూ అక్కర్లేదు, డ్రాయింగు పట్టుకుని హైదరాబాద్ బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో జాబ్‌వర్క్ చేసేవారి దగ్గరకు వెళితే చాలు. సీఎన్‌సీ పని దగ్గరినుంచి చూడాలనుకునే హైదరాబాద్ వాసులకు, తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పగా 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం ఉంది. కట్టర్లు, క్లాంపుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తిరిగితే చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు.

3018 ఆర్డరు చేసినవారు పెట్టె విప్పిన రోజే మూడు పరీక్షలు చేయాలి. లీడ్‌స్క్రూలను గాజు పలకపై దొర్లిస్తే వంకర ఉన్నది ఎగిరెగిరి పడుతుంది. నాకు వచ్చిన జెడ్ స్క్రూ అలాంటిదే. విక్రేత దాన్ని మార్చి ఇవ్వడానికి వీడియో అడిగారు. కడ్డీలను ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి పొడవులు సమానమో కాదో చూడాలి, లేకపోతే గ్యాంట్రీ (స్పిండిల్‌ను మోసే అడ్డ చట్రం) ఏటవాలుగా నిలుస్తుంది. చట్రం బిగించాక మూల నుంచి మూలకు రెండు కర్ణాలనూ కొలిచి పోల్చాలి. ఇవన్నీ వాపసు గడువు లోపలే చేసి, ఫోటోలు తీసి పెట్టుకోవాలి. యంత్రంతో ఒక్క ముక్క కోసినా వాడిన సరుకు అని తిరస్కరించే విక్రేతలు ఉన్నారు.